అమ్మానాన్నలతో అంకోర్ వాట్‌కు: సియెం రీప్‌లో ఎక్కడ దిగితే మంచిది?

ప్రశ్న: సముద్రపుగాలి (కాకినాడ)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఇప్పుడు 71 ఏళ్లు. క్షీరసాగర మథనం పాఠం వచ్చిన ప్రతి ఏడూ "కాంబోడియాలో ఒక గుడి గోడ మీద ఈ కథంతా బారుగా చెక్కి ఉంది పిల్లలూ" అని చెప్పేవారు. ఆయన మాత్రం ఆ గోడను ఎన్నడూ చూడలేదు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు మొన్న సంక్రాంతికి తీరింది. ఇంకా ఆగితే ఆయన మోకాళ్లు ఒప్పుకునేలా లేవు. అందుకని ఈ కార్తీక పౌర్ణమి వారంలో అమ్మను, నాన్నను తీసుకుని బయల్దేరుతున్నాను. అయిదు రాత్రులూ అంకోర్ వాట్ గుడికి దగ్గరి ఊరు సియెం రీప్‌లోనే.

ఏజెంటు మూడు బసలు చూపించాడు. ఒకటి బజారు నడిబొడ్డున, రెస్టారెంట్ల వీధిని ఆనుకుని ఉంది. ఒకటి ఊరి బయట పొలాల మధ్య రిసార్టు, ఫొటోల్లో కళ్లు తిప్పుకోలేనట్టు ఉంది. మూడోది విమానాశ్రయానికి దగ్గర, అన్నిటికంటే చవక. నాకు మూడోది నయమనిపిస్తోంది, పెద్దవాళ్లు దిగగానే పడుకోవచ్చు కదా.

నాన్నకు నడవడం పరవాలేదు, మెట్లు దిగేటప్పుడే బాధ. అమ్మ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. కార్తీక సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్రం చూశాకే భోంచేస్తుంది. చేపల దేశంలో ఆమె ఏం తింటుందన్నది నా పెద్ద బెంగ. ఏజెంటు ఇచ్చిన కాగితంలో నాలుగు పగళ్లలో పద్నాలుగు గుళ్లు, మూడు సూర్యోదయాలు ఉన్నాయి. ఇది అయ్యే పనేనా? వెళ్లివచ్చినవాళ్లు చెప్పండి.

జవాబు 1: విశ్రాంత గుమాస్తా (తెనాలి)

అమ్మా, ముందు ఆ పద్నాలుగు గుళ్ల కాగితం చింపేయండి.

నేను రైల్వేలో గుమాస్తాగిరీ చేసి దిగిపోయినవాణ్ణి. 67 ఏళ్లు, ఎడమ మోకాలికి పట్టీ. నేనూ మా ఆవిడా సియెం రీప్‌కు రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి గుంపుతో వెళ్లి గుళ్లు లెక్కపెట్టుకుని వచ్చాం. మూడో రోజుకి మా ఆవిడ వ్యానులోనే కూర్చుని "మీరు చూసి రండి, నాకు అన్నీ ఒకేలా ఉన్నాయి" అంది. తప్పు గుళ్లది కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి మధ్యాహ్నం రెండింటిదాకా ఎండలో తిప్పితే ఏ రాయైనా ఒకేలా ఉంటుంది.

రెండోసారి ఒక్క నియమం పెట్టుకున్నాం. పదకొండింటికల్లా గదికి చేరాలి. స్నానం, భోజనం, నిద్ర. మళ్లీ మూడున్నరకు బయల్దేరాలి. నవంబరు చివర వాళ్లకు చలికాలమే, కానీ మధ్యాహ్నపు రాయి ఆ సంగతి ఎరగదు. కాబట్టి గది ఎంచుకునేటప్పుడు అందం, చవక పక్కన పెట్టి, మధ్యాహ్నం నిద్రకు వెనక్కి రావడానికి ఎంతసేపు పడుతుందో ఒక్కటే చూడండి. మీ మూడింటినీ ఆ తూకానికి పెడతాను.

విమానాశ్రయం దగ్గరిది వద్దేవద్దు. పాత విమానాశ్రయం ఊరికి ఆనుకుని ఉండేది. 2023 అక్టోబరులో కొత్తది తెరిచారు, అది ఊరికి తూర్పున నలభై కిలోమీటర్లకు పైనే. దారిలో దాదాపు గంట. మాకు టాక్సీకి 35 డాలర్లయింది. అక్కడ దిగితే రోజూ ఆ గంట, ఆ డబ్బు. చవక గది కాస్తా రాజభవనమై కూర్చుంటుంది. పొలాల మధ్య రిసార్టు కొత్త దంపతులకు బాగుంటుంది. మట్టి రోడ్డు మీద ఆటోలో అరగంట ఊగి, ఊగి, రోజుకు రెండుసార్లు వెళ్లిరావాలంటే మీ నాన్నగారి నడుం ఏమంటుందో ఆయన్నే అడగండి. ఇక బజారు నడిబొడ్డు. పబ్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది, అర్ధరాత్రి దాటినా పాటలే. మా మొదటి బస దాని వెనుక సందులోనే. ఆ డప్పులు దిండులోంచి వినిపించేవి.

మేము రెండోసారి దిగింది నదికి తూర్పు ఒడ్డున, వాట్ బో వీధి వైపు. వాట్ బో అక్కడి పాత బౌద్ధ విహారం. చుట్టూ చెట్లు, చిన్న చిన్న హోటళ్లు. వంతెన దాటి కాస్త నడిస్తే పాత బజారు, అంటే దగ్గరా ఉంటుంది, గోలా ఉండదు. అంకోర్ వాట్ అక్కడినుంచి ఆరేడు కిలోమీటర్లు, ఆటోలో ఇరవై నిమిషాలు. శుభ్రమైన గదికి రోజుకు 35 డాలర్లిచ్చాం, పొద్దున ఫలహారంతో సహా. పండగ వారంలో ఇంకాస్త ఎక్కువ అడగవచ్చు.

గది ఖాయం చేసేముందు ఉత్తరం రాసి అడగవలసినవి ఉన్నాయి. అక్కడి చిన్న హోటళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, నేల అంతస్తులోనే గది కావాలనండి. స్నానాల గదిలో తొట్టి ఉందో, నేల మీద నిలబడి స్నానం చేసేలా ఉందో అడగండి. తొట్టి అంచు దాటబోయి మా ఆవిడ జారింది, దేవుడి దయవల్ల తువ్వాళ్ల కమ్మీ చేతికందింది. నీళ్లు కాచుకునే కెటిల్ ఉందో లేదో కూడా కనుక్కోండి. కొన్ని బసల్లో చెప్పులు గుమ్మం బయటే విడవాలి, మన ఇళ్లలాగే.

గుళ్ల టికెట్టు సంగతి. ఒక రోజుకు 37 డాలర్లు, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72. మూడు రోజులదే తీసుకోండి. అది వరసగా మూడు రోజులు కానక్కరలేదు, పది రోజుల లోపల ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వడానికి ఇదే వీలు. టికెట్టు మీద మన ఫొటో ఉంటుంది, గుడిగుడికీ చూపించాలి. ప్రతి టికెట్టులోంచి రెండు డాలర్లు కాంథా బోఫా పిల్లల ఆసుపత్రులకు పోతాయి. అక్కడ పిల్లలకు వైద్యం ఉచితం. ఆ మాట విన్నాక మా ఆవిడ టికెట్టు ధర గురించి సణగడం మానేసింది.

మీ నాన్నగారి గోడ దగ్గరికి వస్తాను. అంకోర్ వాట్ పడమటి ముఖం గుడి. లోకమంతా పడమటి వారధి మీదుగా వెళుతుంది. అది పొడవు, పైగా ఉదయం అక్కడ తిరునాళ్లే. ఆయన చూడాలనుకున్న క్షీరసాగర మథనం ఉన్నది తూర్పు మంటపంలో, దక్షిణపు సగంలో. డ్రైవరుతో మాట్లాడి తూర్పు ద్వారం దగ్గర దిగండి. చెట్ల మధ్య మట్టి దారి, జనం పలుచన, పొద్దుటి ఎండ సూటిగా ఆ మంటపంలోకే పడుతుంది. ఏడు గంటలకు అక్కడుంటే చాలు. కొన్ని మెట్లు తప్పవు, నిదానంగా ఎక్కించండి. ఆ ఒక్క శిల్పం పొడవే 49 మీటర్లు. ఒక వైపు 92 మంది అసురులు, ఇంకో వైపు 88 మంది దేవతలు, నడుమ విష్ణువు, కింద కూర్మం, పైన అప్సరసలు. దానికి గంట కేటాయించండి. గుడి అంతా చూడాలన్న పంతం వద్దు.

ఇంకొక మాట. పైన మూడో అంతస్తును బాకన్ అంటారు, మెట్లు నిలువునా ఉంటాయి. మీ నాన్నగారిని ఎక్కించకండి. బౌద్ధుల పర్వదినాల్లో దాన్ని మూసేస్తారు, పౌర్ణమి అందులో ఒకటి. ఆ రోజున వెళితే "ఎక్కుతాను" అన్న పేచీయే రాదు.

ఆయనకు నప్పే ఇంకో గుడి బంతేయ్ శ్రెయ్. పేరుకు అర్థం ఆడవాళ్ల కోట. శ్రెయ్ అంటే మన స్త్రీయే. 967లో ప్రతిష్ఠించారు. గులాబి రంగు ఇసుకరాయి, చిన్న గుడి, నేల సమంగా ఉంటుంది. రావణుడు కైలాసం ఎత్తడం, మన్మథ దహనం, ఖాండవ దహనం, వాలి సుగ్రీవుల పోరు, అన్నీ తలెత్తితే కనిపించే ఎత్తులోనే. ఊరికి ముప్పై అయిదు కిలోమీటర్ల పైచిలుకు దూరం కాబట్టి ఆ రోజు ఒక్కటీ ఏసీ కారు మాట్లాడుకోండి. మిగతా రోజులకు రెమోర్క్ చాలు. రెమోర్క్ అంటే మోటారు సైకిలుకు బండి తగిలించిన వాళ్ల ఆటో, గాలి బాగా వస్తుంది. రోజుకు ఇరవై డాలర్ల లోపే ఇచ్చాం, మధ్యాహ్నం గదికి దింపి మళ్లీ తీసుకెళ్లినందుకు నాలుగు ఎక్కువ. ఈ నిద్ర ఒప్పందం మొదటి రోజే తేల్చుకోండి.

తా ప్రోమ్ కూడా చూడండి, చెట్ల వేళ్లు గోడలను కావలించుకున్న గుడి. ఏడో జయవర్మ అనే రాజు తన తల్లి పేర కట్టించాడు. నడవడానికి చెక్క బాట వేశారు. ఆ పని మన భారత పురావస్తు శాఖ వాళ్లు కాంబోడియా వాళ్లతో కలిసి చేస్తున్నారు, బోర్డు మీద మన జెండా కనిపిస్తుంది. ఒక గుమ్మంలో దిగి ఇంకో గుమ్మంలో బండి ఎక్కితే వెనక్కి నడిచే బాధ లేదు. ఫ్నోం బాఖెంగ్ కొండ మీద సూర్యాస్తమయం అని ఎవరైనా ఊరిస్తే వినకండి. అదంతా ఎక్కుడు, పైన మూడు వందల మందినే రానిస్తారు, వరసలో నిలబడాలి. స్రా స్రాంగ్ అని ఒక చెరువు గట్టు ఉంది. రాతి మెట్ల మీద కూర్చుంటే సూర్యుడు తనంతట తానే అస్తమిస్తాడు.

భోజనం సంగతి నాకు చేతకాదు, మా ఆవిడ అయిదు రోజులూ పులిహోర పొడితో నెట్టింది. తెలిసినవాళ్లు చెప్తారు.

జవాబు 2: చారుపొడి (సింగపూర్)

గుమాస్తాగారూ, మీ ఆవిడ గారి చేత అయిదు రోజులూ పులిహోర తినిపించారా! అక్కడ అంత కరవేమీ లేదు.

సముద్రపుగాలిగారూ, నేను గుంటూరు పిల్లను, సింగపూర్‌లో ఉద్యోగం. అత్తగారిని తీసుకుని సియెం రీప్ వెళ్లాను. ఆవిడ మీ అమ్మగారికన్నా ఒక ఆకు ఎక్కువ, ఇతరుల గరిట కూడా పనికిరాదంటారు. తిరిగి వచ్చేటప్పటికి కిలో పెరిగారు.

మాంసం ముక్క కనిపిస్తుంది, దానితో ఇబ్బంది లేదు. జాగ్రత్త పడవలసింది కనపడనివాటితో. ఒకటి తుక్ త్రెయ్, అంటే చేప రసం. వాళ్లకు అది ఉప్పులాగా, చెయ్యి అలవాటుగా అటే పోతుంది. రెండోది ప్రహోక్, చేపలను ఊరబెట్టిన ముద్ద. మూడోది ఆయిస్టర్ సాస్, తూటికూర వేపుడులో వేస్తారు. "కూరగాయలే కదా" అని మీరు తూటికూర తెప్పిస్తే అందులో ఆ సాస్ ఉంటుంది. "మాంసం వద్దు" అని చెబితే వాళ్లు నిజాయితీగా మాంసం మానేసి చేప రసం వేస్తారు. వాళ్ల లెక్కలో అది మాంసం కాదు మరి.

నేను చేసిన పని ఇది. మొదటి రోజే హోటల్ కౌంటరులో అమ్మాయిని బతిమాలి ఒక కాగితం మీద వాళ్ల ఖ్మేర్ లిపిలో రాయించుకున్నాను: మాంసం, చేప, రొయ్య, గుడ్డు, చేప రసం, ప్రహోక్, ఆయిస్టర్ సాస్ ఏదీ వద్దు అని. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్రతి చోటా వంటామె చేతికే ఇచ్చేదాన్ని, వడ్డించే కుర్రాడికి కాదు. ఇద్దరు ముగ్గురు వంటామెలు నవ్వి, మూకుడు కడిగి చూపించి మరీ వండారు. బౌద్ధుల్లో పర్వదినాల్లో మాంసం మానేవాళ్లుంటారు కాబట్టి ఈ మాట వాళ్లకు వింత కాదు.

ధైర్యంగా తినగలిగినవి చెప్తాను. క్రలాన్ అని వెదురు గొట్టంలో జిగట బియ్యం, కొబ్బరి పాలు, అలసందల్లాంటి గింజలు వేసి నిప్పుల మీద కాలుస్తారు. వెదురు పొర ఒలిచి తినడమే. మా అత్తగారు దాన్ని "వెదురు పరమాన్నం" అన్నారు. బంతేయ్ శ్రెయ్ దారిలో ప్రెయా డాక్ అనే ఊళ్లో రోడ్డు పక్కనే తాటి నీరా కాచి బెల్లం చేస్తారు. మన తాటి బెల్లమే, రంగు మాత్రం కాస్త తేలిక. పంపర పనస, అరటి, కొబ్బరి బోండం ఎక్కడైనా దొరుకుతాయి. ఆమోక్ అనే కొబ్బరి పాల కూరను చేపతో చేస్తారు, కూరగాయలతో చేసే చోట్లూ ఉన్నాయి, కాగితం చూపించి అడగండి. పాత బజారు చుట్టుపక్కల ఉత్తరాది వాళ్ల భోజన శాలలు కొన్ని ఉన్నాయి. పప్పు, రొట్టె దొరుకుతాయి. ఒక చోట మాకు సాంబారు అని పసుపు నీళ్లు పోశారు, దాని మీద ఇంతకన్నా మాట్లాడను.

పెరుగు తీపిగా ఉంటుంది. మజ్జిగ లేనిదే భోజనం ముగియదనుకునే ఇల్లయితే ఇప్పుడే చెప్పి మనసు సిద్ధం చేయండి. ఉపవాసం రోజుకు అటుకులు, చారుపొడి, చిన్న కరెంటు కుక్కరు పెట్టెలో వేసుకోండి. బియ్యం మోయకండి, అక్కడి మల్లె బియ్యం చక్కగా ఉంటుంది, కాస్త మెత్తన.

డబ్బు మాట కూడా. ఊరంతా అమెరికా డాలర్లే నడుస్తాయి, చిల్లర మాత్రం రియెళ్లలో ఇస్తారు. డాలరుకు దాదాపు 4,000 రియెళ్లు. నోటు అంచు చిరిగినా, గీత ఉన్నా తీసుకోరు. హైదరాబాద్‌లో డబ్బు మార్చేటప్పుడే ఒక్కో నోటు ఎత్తి చూసుకోండి, ఒకటి, అయిదు డాలర్ల నోట్లు ఎక్కువ అడగండి. యాభై నోటిస్తే కొబ్బరి బోండం వాడు మన ముఖం చూస్తాడు.

జవాబు 3: వీపుసంచి (వరంగల్)

పెద్దవాళ్ల మాటకు అడ్డు చెప్పకూడదు కానీ, అంకోర్ వాట్‌కు వెళ్లి సూర్యోదయం చూడవద్దనడం అన్యాయం. నేను వెళ్లినప్పుడు ఎనిమిది డాలర్ల మంచం మీద పడుకుని, అద్దె సైకిలు మీద చీకట్లో తొక్కుకుంటూ వెళ్లాను. ఉత్తరం వైపు కొలను ఒడ్డున నిలబడితే గోపురాలు నీళ్లలో కూడా కనిపిస్తాయి. వందల మంది ఉన్నా ఒక క్షణం ఎవరూ మాట్లాడలేదు. మూడు సూర్యోదయాలు ఎక్కువే. ఒకటి మాత్రం చూపించండి.

వెళ్లేవాళ్లకు పనికొచ్చేవి ఇంకొన్ని. మనవాళ్లకు అక్కడ దిగాక కూడా వీసా ఇస్తారు, పర్యాటక వీసాకు 30 డాలర్లు. పెద్దవాళ్లను వరసలో నిలబెట్టడం ఇష్టం లేకపోతే ముందే ఇ-వీసా తీసుకోండి, ఆ దేశ ప్రభుత్వ సైటులోనే. వెతికితే మొదట కనబడేవన్నీ ప్రభుత్వానివి కావు. నేను తొందరలో ఒక నకిలీ సైటులో రెట్టింపు కట్టాను. దీనికి తోడు ఇ-అరైవల్ అని ఒక ఫారం ఉంది, ప్రయాణానికి ముందు వారం లోపల నింపాలి, అది ఉచితం. దానికి ఎవరైనా డబ్బు అడిగితే మోసమే.

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, సింగపూర్, కౌలాలంపూర్ ఏదో ఒకచోట మారి వెళ్లాలి. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద తీసుకోండి, లేకపోతే మధ్యలో పెట్టెలు మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి. పాత వ్యాసాలు చదివి బ్యాంకాక్ నుంచి బస్సులో వెళ్దామనుకోకండి. 2025లో రెండు దేశాల మధ్య సరిహద్దు ఘర్షణలు మొదలైనప్పటి నుంచి ఆ రోడ్డు దారిని నమ్ముకోవడానికి లేదు.

బట్టలు: భుజాలు, మోకాళ్లు కప్పాలి. మీ అమ్మగారి చీరకు, నాన్నగారి పంచెకు ఏ అభ్యంతరమూ లేదు. పట్టింపు అంతా నాలాంటి నిక్కరు వాళ్ల మీదే. ఊళ్లో తిరగడానికి ఫోనులో బండి పిలిచే గ్రాబ్, పాస్‌యాప్ రెండూ పనిచేస్తాయి, బేరం బాధ తప్పుతుంది.

మీరు వెళ్లేది కార్తీక పౌర్ణమి వారం అన్నారు. ఆ పౌర్ణమికి వాళ్లకు బోన్ ఓం తూక్ అనే పడవల పండగ, మూడు రోజులు. వానాకాలంలో మెకాంగ్ నది పొంగి తోన్లే సాప్ నది వెనక్కి పారి పెద్ద సరస్సు నిండుతుంది. వానలు వెనుదీశాక నీళ్లు మళ్లీ ముందుకు తిరుగుతాయి. ఆ తిరుగుడుకే పండగ. పెద్ద సంబరం రాజధాని ఫ్నోం పెన్‌లో. సియెం రీప్ నదిలో కూడా పడవ పందేలుంటాయి, ఒడ్డంతా జనం. గది ఇప్పుడే ఖాయం చేసుకోండి.

విశ్రాంత గుమాస్తా (తెనాలి)

వీపుసంచి బాబూ, సూర్యోదయం వద్దనలేదు, దాని కోసం నాలుగున్నరకు లేవడం వద్దన్నాను. సరే, ఒకటి ఒప్పుకుంటాను. చివరి రోజు పెట్టుకోండి, మొదటి రోజు కాదు. వెళ్లేటప్పుడు శాలువా మరవద్దు, ఆ వేళ రెమోర్క్‌లో గాలి కోస్తుంది. పడవల పండగ సంగతి నాకు తట్టలేదు, మంచి మాట చెప్పావు. నది పక్క వీధుల్లో ఆ మూడు రోజులూ బండ్లను మళ్లిస్తారు. అమ్మా, గది వాట్ బో వైపే తీసుకోండి, కానీ నది ఒడ్డున కాకుండా రెండు వీధులు లోపలికి.

సముద్రపుగాలి (కాకినాడ), వెళ్లివచ్చాక

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి ఇంటికి చేరాం. ముగ్గురం క్షేమం.

గది వాట్ బో వెనుక రెండో వీధిలో, నేల అంతస్తులో, తొట్టి లేని స్నానాల గదితో. రోజుకు 42 డాలర్లు. గుమాస్తాగారి నిద్ర నియమం నాలుగు రోజులూ పాటించాం. దాన్ని తప్పింది నేనే, ఒక మధ్యాహ్నం ఒక్కదాన్నే పాత బజారుకు వెళ్లి ఎండకు తలనొప్పి తెచ్చుకున్నాను. మా రెమోర్క్ డ్రైవరుకు ఈ నిద్ర ఒప్పందం ఎంత నచ్చిందంటే, తనూ ఇంటికెళ్లి పడుకుని వచ్చేవాడు.

రెండు పొరపాట్లు చేశాను. టికెట్టు ముందు రోజు సాయంత్రమే కొనవచ్చు, అయిదింటి తరువాత కొంటే మరుసటి రోజు నుంచి లెక్క. నేను మొదటి ఉదయమే కౌంటరుకు తీసుకెళ్లాను, అరగంట వరసలో నిలబడ్డాం. రెండోది, వంటల కాగితం రాయించినప్పుడు "గుడ్డు" అని చెప్పడం మరిచిపోయాను. మొదటి పూట నూడుల్స్ మీద చక్కగా అట్టు పరిచి తెచ్చారు. అమ్మ దాన్ని నాన్న పళ్లెంలోకి తోసింది, నాన్న ఏమీ అనకుండా తినేశారు. ఆయన గుడ్డు తింటారని నాకు నలభై ఏళ్లు వచ్చాక తెలిసింది.

తూర్పు ద్వారం నుంచి వెళ్లాం. ఏడుంబావుకు గోడ ముందు ఉన్నాం. మేము కాక ఒక చీపురు ఆమె, ఇద్దరు ఫ్రెంచి వాళ్లు. నాన్న మొదట ఏమీ మాట్లాడలేదు. దక్షిణపు కొస నుంచి మొదలుపెట్టి అసురుల ముఖాలు ఒక్కొక్కటీ చూసుకుంటూ, మంటపం అంచు పట్టుకుని నడిచారు. విష్ణువు దగ్గర ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. దేవతల వరస చివర వాసుకి తోక పట్టుకున్న వానరుణ్ణి చూశాక మాత్రం తెలుగు మాస్టారు బయటికొచ్చారు. "హనుమంతుడు ఇక్కడికెలా వచ్చాడు? క్షీరసాగర మథనానికీ ఆయనకూ ఏమిటి సంబంధం? ఇది ఏ పురాణం?" గైడు కుర్రాడు ఇంగ్లీషులో ఏదో చెప్పబోయాడు. నాన్న వినిపించుకోలేదు. ముప్పై రెండేళ్లు పిల్లలకు ఈ గోడ గురించి చెప్పానే, ఈ కోతి సంగతి చెప్పలేదే అని మిగతా రోజంతా బాధపడ్డారు. గుమాస్తాగారు గంట అన్నారు, మాకు రెండు గంటల పది నిమిషాలు పట్టింది. పడమటి వైపు కురుక్షేత్రం, లంకా యుద్ధం మరుసటి రోజు సాయంత్రం ఎండలో చూశాం. ఈ కథలన్నీ ఎడమ చేతి వైపు తిరుగుతూ చూడాలని, అది అపసవ్య ప్రదక్షిణమని, కనుక ఈ గుడికి పితృకార్యంతో సంబంధం ఉండాలని నాన్న వాదన. అలా అనుకునే పండితులు ఉన్నారని గైడు చెప్పాక అతనితో స్నేహం కుదిరింది.

ఆ తరువాత ఇద్దరూ మాటలు ఏరుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల భాషలో క్రూ అంటే గురువు, ఫియసా అంటే భాష, ప్రాసాత్ అంటే ప్రాసాదం, నొకోర్ అంటే నగరం, అంకోర్ కూడా అందులోంచి వచ్చిందే. దుకాణాల బోర్డుల మీద అక్షరాలకు తలకట్లు ఉన్నాయని నాన్న చూపించే దాకా నేను గమనించలేదు. వాళ్ల లిపి పల్లవుల లిపి నుంచి వచ్చిందట. మన లిపికి దూరపు చుట్టమన్నమాట. చివరి రోజు గైడు ఆయన్ని "లోక్ క్రూ" అని పిలిచాడు. అయ్యవారూ అన్నట్టే.

వీపుసంచిగారూ, సూర్యోదయం చివరి రోజు పెట్టుకున్నాం. మబ్బు పట్టింది. ఏమీ కనపడలేదు. నాన్న శాలువా కప్పుకుని కొలను గట్టు మీద కునికారు.

చారుపొడిగారూ, అమ్మ ప్రెయా డాక్‌లో తాటి బెల్లం చేసే ఆమె దగ్గర అరగంట కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. మూకుడు, గరిట, పాకం తీగ సాగిందా లేదా అన్నది చేతులతోనే మాట్లాడుకున్నారు. తాటాకులో చుట్టిన బెల్లం రెండు కిలోలు మోసుకొచ్చాం. ఇంకా కావాలట.

పౌర్ణమి రోజు సాయంత్రం నది ఒడ్డున కాలు పెట్టే చోటు లేదు. పడవ పందేలు ముగిశాక జనం నీళ్లలో దీపాలు వదులుతున్నారు. వాళ్ల మాట ప్రతీప్, మన ప్రదీపమే. అమ్మ కాకినాడ నుంచి 365 వత్తుల కట్ట, చిన్న సీసాలో నెయ్యి తెచ్చుకుంది, పెట్టెలో అది ఉందని నాకే తెలియదు. హోటల్ తోటమాలిని అడిగి అరటి బోదె ముక్క కోయించుకుంది. నీళ్ల దాకా మెట్లు దిగడం నాన్నకు కష్టమని పైనే ఉండిపోయారు. పక్కన ఒక ఖ్మేర్ ముసలావిడ అమ్మ మోచెయ్యి పట్టుకుని దింపింది. గాలికి రెండుసార్లు ఆరిపోతే, ఆవిడే తన దీపంతో అమ్మ వత్తులు వెలిగించింది.